మాస్క్ మీద మోపిన నేరం

మూడు నెలలపాటు నేను అరచేతిలో పట్టేంత తెల్ల మాస్క్ మీద పగబట్టాను. దాన్ని తిట్టాను. ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాను. అది వేసుకోమన్న మనిషితో పోట్లాడాను. నా గుండెని పాడు చేస్తున్నది అదేనని ఎంత గట్టిగా నమ్మానంటే, సాక్ష్యంగా ఫోన్‌లో అరవై దాకా స్క్రీన్‌షాట్లు దాచిపెట్టుకున్నాను. ఇప్పుడు వాటిని చూస్తే సిగ్గేస్తుంది. భయం కూడా వేస్తుంది.

రాస్తే మనసు కుదుటపడుతుందని అక్క అంది. అదొక కారణం. ఇంకోటి ఏమిటంటే, నాలాగే ఎవరో ఒకరు ఏదో ల్యాబ్ బయట మెట్ల మీద కూర్చుని, మాస్క్ వేసుకుంటే గుండెకి ఏమవుతుందని ఫోన్‌లో వెతుకుతూ ఉంటారు. నాకు అప్పుడు దొరికినవన్నీ చెత్త. వాళ్లకి ఇదైనా దొరకాలి.

2012 ఆగస్టు

నేను విజయవాడ పిల్లని. వర్జీనియాలో బయాలజీ ఎంఎస్ చేస్తున్నాను. రెండో ఏడాది మొదట్లో క్యాంపస్‌లోనే పని దొరికింది. పరిశోధనకి పెంచే ఎలుకల గదుల్లో బోనులు మార్చడం, గింజలు పోయడం, నీళ్ల సీసాలు పెట్టడం. ఎలుకల వెంట్రుకలు, బోనుల్లో పరిచే పొట్టు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఎన్‌95 మాస్క్ వేసుకోవాలి. అది వేసుకోవాలంటే ముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం నింపాలి. గుండె జబ్బు ఉందా, ఛాతీలో నొప్పి వస్తుందా, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, ఇలా రెండు పేజీల ప్రశ్నలు. ప్రతిదానికీ అవును, కాదు అని రెండు గళ్లు.

ఆ ఫారాన్ని నేను యూనివర్సిటీ బస్సులో నింపాను. ఒళ్లో కాగితం, ఎడమ చేతిలో ఫోన్. పక్కన నా రూమ్మేట్ శ్రావంతి. వరంగల్ అమ్మాయి, నాకంటే ఒక సెమిస్టర్ సీనియర్.

"అంత చదువుతున్నవేందే? అన్నీ నో కొట్టెయ్. వీసా ఫారంల కొట్టలేదా?" అంది.

నిజమే, కొట్టాను. మేమందరం కొట్టాం. టెర్రరిస్టువా, నో. డ్రగ్స్ అమ్మావా, నో. అంటురోగం ఉందా, నో. మా ఊళ్లో కన్సల్టెన్సీ అబ్బాయి మౌస్ నా చేతికి కూడా ఇవ్వకుండా వరసగా నో, నో, నో అని నొక్కుకుంటూ పోయాడు. అమెరికా వాడు ఏదడిగినా నో అంటేనే లోపలికి రానిస్తాడని మాకందరికీ అలా ఎక్కిపోయింది.

ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం నా పెన్ను ఆగింది. గత రెండేళ్లలో గుండె లయ తప్పినట్టు ఎప్పుడైనా అనిపించిందా అని. అనిపించింది. ఆ ఎండాకాలం నుంచీ పడుకుంటే ఛాతీలో ఏదో పిట్ట రెక్కలు కొట్టుకున్నట్టు ఉండేది. కాఫీ ఎక్కువైందనుకున్నాను. అవునంటే ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు. బస్సు మా స్టాప్‌లో ఆగింది. నో కొట్టి దిగాను.

తర్వాత మాస్క్ ముఖానికి సరిగ్గా పడుతోందో లేదో పరీక్ష. తలమీద గుడారంలాంటి సంచి తగిలించి, లోపలికి తియ్యటి మందు చిమ్ముతారు. మాస్క్ పక్కలనుంచి గాలి దూరుతుంటే నాలుకకి తీపి తెలుస్తుంది. మా సూపర్‌వైజర్ డెనీస్ సంచి బయట నిలబడి, తీపి తెలుస్తోందా అని అడిగింది. తెలియలేదు. నో అన్నాను. పాసైపోయాను.

2012 అక్టోబర్

పై వరస బోనులు దించడం మొదలుపెట్టిన ఇరవై నిమిషాలకే ఊపిరి అందేది కాదు. పక్కన పనిచేసే అమెరికా పిల్లలు మాస్కుల్లోంచే జోకులేసుకుంటూ గది పూర్తి చేసేవాళ్లు. నేను మూడో వరసకే గోడకి ఆనుకునేదాన్ని. బయటికొచ్చి మాస్క్ లాగేసి పదినిమిషాలు కూర్చుంటే సర్దుకునేది. అంటే తప్పు దేనిది? చిన్నపిల్లాడిని అడిగినా మాస్క్‌దే అంటాడు.

నా ఫోన్‌లో ఒక యాప్ ఉండేది. కెమెరా మీద వేలు పెడితే నాడి లెక్కపెడుతుంది. బయటికి రాగానే వేలు పెట్టేదాన్ని. 126. 131. ఒక్కోసారి అంకె రాదు, వేలు కదపకుండా మళ్లీ పెట్టమంటుంది. అది యాప్ లోపమని తిట్టుకునేదాన్ని. వచ్చిన ప్రతి అంకెనీ స్క్రీన్‌షాట్ తీసేదాన్ని. మాస్క్ వేసుకోని రోజుల్లో ఒక్కసారి కూడా చూసుకోలేదు. చూడాలన్న ఆలోచనే రాలేదు.

ఒకరోజు ఆ ఫోన్ తీసుకెళ్లి డెనీస్ బల్లమీద పెట్టాను. డెనీస్‌కి యాభై దాటి ఉంటాయి. అందర్నీ హనీ అని పిలుస్తుంది, కోటు జేబులో ఎప్పుడూ పిప్పరమెంట్లు ఉంటాయి. మీ మాస్కులు నా గుండెని చంపుతున్నాయి, ఇదిగో ప్రూఫ్ అన్నాను. గొంతు లేచింది. హాల్లో వాళ్లు తలలు తిప్పి చూశారు. ఆవిడ స్క్రీన్‌షాట్లన్నీ నెమ్మదిగా చూసింది. నువ్వు ఆ ఫారం మళ్లీ ఒకసారి నింపుతావా, నర్సుతో మాట్లాడతావా అని అడిగింది.

నా కోపం అక్కడే చల్లారిపోయి భయమైంది. ఫారంలో అబద్ధం రాసినట్టు తెలిస్తే పని పోతుంది, యూనివర్సిటీ రికార్డుల్లోకి ఎక్కుతుంది, అక్కడ్నుంచి వీసా దాకా ఎక్కడికైనా పోవచ్చు. ఫారంతో పనిలేదు, మంచి మాస్క్ ఇవ్వండి చాలు అన్నాను. ఆవిడ మర్నాటి నుంచి నన్ను స్టోర్ రూమ్‌లో లేబుళ్ల పనికి మార్చింది. అక్కడ మాస్క్ అక్కర్లేదు. అది దయ అని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు శిక్ష అనుకున్నాను.

ఆ సాయంత్రం మాస్క్ ఫోటో పెట్టి ఫేస్‌బుక్‌లో పెద్ద పోస్ట్ రాశాను. మన పిల్లలంతా వచ్చి వాలారు. మాస్క్‌లో వదిలిన గాలే మళ్లీ పీలుస్తామని ఒకడు, రక్తం చిక్కబడుతుందని ఇంకొకడు, కేసు వెయ్యమని మరొకడు. అందులో డాక్టర్ ఒక్కడు లేడు. నాకు కావలసిన జవాబే దొరికింది కాబట్టి ఎవరు చెప్పారో చూడలేదు.

స్టోర్ రూమ్‌లో గింజల బస్తా జరిపినా ఆయాసం వచ్చేది. దానికీ నా దగ్గర జవాబుంది. మాస్క్ ఇప్పటికే చేసిన డామేజ్ అన్నాను.

2012 నవంబర్

థ్యాంక్స్‌గివింగ్ సెలవులకి వర్జీనియాలోనే షాంటిలీ అనే ఊళ్లో ఉన్న అక్క వాళ్ల ఇంటికి వెళ్లాను. సుధక్క నాకంటే అయిదేళ్లు పెద్ద. అక్కా బావా ఇద్దరూ సాఫ్ట్‌వేర్. వాళ్లది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఇండియన్ స్టోర్ నుంచి వచ్చి, నేను కొత్తిమీర కట్టలున్న సంచి ఒక్కటే పట్టుకుని ఎక్కుతున్నాను. రెండో అంతస్తు దాటగానే కాళ్లు ఆగిపోయాయి. మెట్టు మీద కూర్చుని ఫోన్ తీశాను.

అక్క పైనుంచి వెనక్కి దిగొచ్చింది. "ఏంటే కూర్చున్నావ్?"

"ఏం లేదు, మెసేజ్ చూస్తున్నా."

"ఫోన్ తలకిందులుగా పట్టుకునా?"

మాట్లాడే ఊపిరి లేదు. అక్క నా ముందు కూర్చుని ముఖంలోకి చూసింది.

"మాస్క్ ఏదే?"

"ఏంటి?"

"నీ ముఖానికి మాస్క్ లేదుగా. మరి ఇప్పుడెందుకొస్తోంది ఆయాసం?"

ఎవరైనా నన్ను ప్రశ్న అడిగితే, నిజమున్నా లేకపోయినా జవాబు సిద్ధంగా ఉంటుంది నా దగ్గర. ఆరోజు మాత్రం కెమెరా మీద వేలు పెట్టాను. 138. మళ్లీ పెట్టాను. అంకె రాలేదు.

ఇంట్లోకి వెళ్లాక అక్క అడిగింది, ఇంటర్‌లో మానేసిన ఇంజెక్షన్లు గుర్తున్నాయా అని. గుర్తులేకపోవడమేంటి. నాకు పదేళ్లప్పుడు గొంతునొప్పి వచ్చి తగ్గింది, తర్వాత జ్వరం, మోకాళ్లు వాచిపోయాయి. అప్పట్నుంచి ఇరవై ఒక్క రోజులకోసారి నడుముకింద ఒక ఇంజెక్షన్. ఆరోజంతా కుంటుతూ నడిచేదాన్ని. కీళ్ల జ్వరం, కీళ్లకి మందు అన్నారు ఇంట్లో. ఇంటర్‌లో ఉండగా, మోకాళ్లు బాగానే ఉన్నాయి కదా, ఇంకెందుకని గొడవ పెట్టి, తలుపేసుకుని రెండు రోజులు అన్నం మానేశాను. అమ్మ వదిలేసింది. నేను గెలిచాననుకున్నాను.

"అవి కీళ్లకి కాదే," అంది అక్క. "గుండెకి పట్టకుండా."

అమ్మకి స్కైప్ చేశాం. అమ్మ ముందు కీళ్ల జ్వరమేనంది, తర్వాత గుండెకేనని ఒప్పుకుంది. గుండెకని ఎందుకు చెప్పలేదని అరిచాను.

"పదేళ్ల పిల్లవి. గుండె అంటే పరిగెత్తడం మానేస్తావని చెప్పలేదు," అంది అమ్మ. "పెద్దయ్యాక చెబుదామంటే, నీకు ఏదైనా చెప్పాలంటేనే భయమేసేది నాకు."

కాల్ కట్ చేశాను. అక్క మీద కూడా పడ్డాను, నీకు తెలిసి ఎందుకు దాచావని. తనకి అప్పుడు పదిహేనేళ్లు, అమ్మ నోరెత్తొద్దందట. తర్వాత నాతో అనబోయిన ప్రతిసారీ నేను మధ్యలోనే లేచి వెళ్లిపోయానట. వెళ్లిపోయే ఉంటాను. బావ మధ్యలోకి రాలేదు, టీ పెట్టి మా ఇద్దరి ముందూ పెట్టాడు. అక్క డిసెంబర్ రెండో వారానికి గుండె డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకుంది. పరీక్షలున్నాయి, క్యాన్సిల్ చెయ్ అన్నాను. తను చెయ్యలేదు.

2012 డిసెంబర్

అపాయింట్‌మెంట్‌కి ఇంకా నాలుగు రోజులుంది. ఎలుకల గదిలో పనికి ఇద్దరు రాలేదు. డెనీస్ నన్ను పిలవలేదు, నేనే వెళ్తానన్నాను. నాకేమీ లేదని ఎవరికి నిరూపించాలనుకున్నానో తెలియదు. బహుశా నాకే. వద్దంది ఆవిడ. నేను బానే ఉన్నానని మాస్క్ తీసుకుని లోపలికి నడిచాను.

రెండో వరసలో దగ్గు మొదలైంది. నీళ్లలో మునిగి గాలి పీలుస్తున్నట్టు అనిపించింది. ఎలాగో బట్టలు మార్చుకునే గదిలోకి వచ్చి మాస్క్ పీకి నేలకేసి కొట్టాను. ఇప్పుడు ఊపిరి రావాలి. ఎప్పుడూ వచ్చేది.

రాలేదు.

మాస్క్ నా కాళ్ల దగ్గర పడి ఉంది. ముఖం మీద గాలి తగులుతోంది, గదినిండా గాలి ఉంది, నాలోకి మాత్రం రావడం లేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఒకసారి లేచి కిటికీ దగ్గరికెళ్లి వచ్చాను.

డెనీస్ నా వెనక నేలమీద కూర్చుని, నన్ను తన ఛాతీకి ఆనించి ఒక చేత్తో నిటారుగా పట్టుకుంది. ఇంకో చేత్తో అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. నా ఫోన్ లాక్ నంబర్ అడిగి అక్కకి కూడా చేసింది. నేను ఏదో చెప్పబోతున్నాను. ఫారంలో అబద్ధం రాశానని చెప్పబోతున్నాను. హనీ, తర్వాత, అంది.

ఆసుపత్రిలో ఊపిరితిత్తుల్లో చేరిన నీరు దిగడానికి మందులిచ్చారు. మర్నాటికి మాటలాడగలిగాను. అప్పుడు మొదలైంది వరస. కుర్ర డాక్టర్లు, మెడికల్ స్టూడెంట్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, మీకు అభ్యంతరం లేకపోతే మీ గుండె వింటామని అడగడం. అయిదో వాడికి, నేనేమన్నా ఎగ్జిబిషనా అన్నాను. వాడు పాపం సారీ చెప్పి వెళ్లిపోయాడు.

అది విని గుమ్మంలో ఒక పెద్దాయన నవ్వారు. డాక్టర్ ప్రసాదరావు గారు, అరవై దాటి ఉంటారు, గుంటూరులో చదివి ఎప్పుడో డెబ్బైల్లో ఇక్కడికొచ్చారట.

"వాళ్ల మీద కోప్పడకమ్మా. నీ గుండెలో చప్పుడు ఈ దేశంలో ఈ వయసు పిల్లల్లో దొరకదు. మన ఊళ్లో అయితే రోజుకి పదిమంది దగ్గర వినేవాణ్ని," అన్నారు.

చిన్నప్పటి జ్వరం గుండెలో ఒక కవాటాన్ని పట్టేసిందని, అది ఏళ్లుగా బిగుసుకుంటూ సన్నబడిందని చెప్పారు. వెళ్లాల్సిన రక్తం వెళ్లలేక వెనక ఊపిరితిత్తుల్లో ఆగిపోతోంది. లయ కూడా తప్పింది. నా ఫోన్‌లో అంకె రాని రోజులవే.

"మాస్క్ వల్ల కాదా?" అని అడిగాను. ఆ మాట అంటుంటే నా గొంతు నాకే చిన్నపిల్లదిలా వినిపించింది.

"మాస్క్ ఏం చేస్తుందమ్మా. బాగున్న గుండెకి అది లెక్కే కాదు. బిగుసుకుపోయిన కవాటం ఉన్నవాళ్లకి ఆ కాస్త కష్టం కూడా బయటపడుతుంది. అందుకే కదా వేసుకునే ముందు ఫారం ఇస్తారు. నీకివ్వలేదా?"

ఇచ్చారన్నాను.

2013 జనవరి

సన్నబడ్డ కవాటాన్ని కాలి రక్తనాళం నుంచి బెలూన్ పంపి తెరవచ్చు. కానీ లయ తప్పిన గుండెలో రక్తం గడ్డ కట్టి ఉంటే బెలూన్ కుదరదు, ఛాతీ తెరిచి ఆపరేషన్ చెయ్యాలి. గడ్డ కదిలితే పక్షవాతం. రక్తం పలచబడే మందులు కొన్ని వారాలు వాడి, అప్పుడు లోపల చూడాలి. అంటే ఆ వారాలన్నీ నాలో గడ్డ ఉందో లేదో తెలియకుండా బతకాలి.

సెమిస్టర్ ఆపించి అక్క ఇంట్లో ఉన్నాను. అరగంటకోసారి రెండు చేతులూ పైకెత్తి, అద్దంలో నవ్వి చూసుకునేదాన్ని, మూతి వంకర పోయిందేమోనని. రక్త పరీక్షలకి వెళ్లొచ్చినప్పుడల్లా మూడంతస్తులు ఎక్కాలి. బావ ఏం మాట్లాడకుండా రెండో అంతస్తు మలుపులో ఒక మడత కుర్చీ తెచ్చి వేశాడు. రెండు రోజుల తర్వాత చూస్తే దానిమీద ఎవరో దిండు పెట్టారు. ఎవరో ఇప్పటికీ తెలియదు.

అక్కా నేనూ రోజూ పోట్లాడుకున్నాం. ఉప్పు మీద, మందుల డబ్బా మీద, నా ఫోన్ మీద. ఒకరోజు తను స్నానాల గదిలో నీళ్లు తిప్పి ఏడుస్తోందని తెలిసింది. బయటికొచ్చాక నా ఫోన్ తన చేతిలో పెట్టాను. ఆరోజంతా ఇక వెతకలేదు.

2013 ఫిబ్రవరి

ఆరోజు పొద్దున్నే వెయిటింగ్ రూమ్‌లో టీవీలో ఎవరో కేకు చేస్తున్నారు. ఒక ముసలాయన తన భార్య చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను ఆ చెప్పులకేసే చూస్తూ కూర్చున్నాను. నర్స్ పిలిచి, ఫోన్ లోపలికి తేకూడదంది. అక్కకిచ్చాక రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అక్క వాటిని పట్టుకుంది.

"గడ్డ ఉంటే?" అన్నాను.

"ఉంటే కోస్తారు. అప్పుడూ ఇక్కడే ఉంటా. వెళ్లు."

ముందు గొంతులోంచి గొట్టం వేసి చూశారు. ఆ మత్తులోంచి కళ్లు తెరిచేసరికి ప్రసాదరావు గారు వంగి ఉన్నారు. "గడ్డ లేదు తల్లీ. మొదలుపెడుతున్నాం," అన్నారు. నేను ఏడ్చానట, నాకు గుర్తులేదు. మిగతాది బావ చెప్పాడు, బెలూన్‌తో కవాటం తెరుచుకుందని. డెనీస్ పంపిన పిప్పరమెంట్ల సంచి మొత్తం అక్క ఒక్కతే తినేసిందట.

మూడో రోజున ఇంటికొచ్చాను. మెట్లెక్కుతూ మలుపులో కుర్చీ దగ్గర ఆగాను. ఆయాసం వచ్చి కాదు, అలవాటుకొద్దీ. కూర్చోకుండా దిండు సర్ది పైకి వెళ్లాను.

2013 సెప్టెంబర్

ఇది అయిపోలేదు. కవాటం మళ్లీ సన్నబడవచ్చు, అయిదేళ్లకో పదేళ్లకో తెలియదు. ఛాతీలో పిట్ట ఇంకా అప్పుడప్పుడు రెక్క విదిలిస్తుంది, అప్పుడు నేను ఉన్నచోటే ఆగిపోతాను. ఇరవై ఒక్క రోజులకోసారి ఇంజెక్షన్ మళ్లీ మొదలైంది. ఆరోజు అమ్మ ఒక్కటే మెసేజ్ పెడుతుంది, ఇవాళ అని. వేయించుకున్నానని పెడతాను. అమ్మకి సారీ చెప్పాను కానీ, దాని గురించి ఇంకా సరిగ్గా మాట్లాడుకోలేదు మేం.

ఫేస్‌బుక్ పోస్ట్ తీసెయ్యలేదు. దాని కిందే జరిగిందంతా రాశాను. మునుపటి పోస్ట్‌కి వచ్చినన్ని లైకులు రాలేదు. ఇద్దరు మాత్రం విడిగా మెసేజ్ చేశారు, చిన్నప్పుడు తమకీ ఆ ఇంజెక్షన్లు వేశారని, ఎందుకో తెలియదని. అమ్మని అడగమన్నాను. మీరూ అడగండి. మాస్క్ వేసుకుంటే ఆయాసం వస్తే మాస్క్ లేకుండా కూడా మెట్లెక్కి చూసుకోండి. చూసుకుని ఊరుకోకండి, డాక్టర్ దగ్గరికెళ్లండి.

పోయిన వారం డెనీస్ దగ్గరికి వెళ్లాను. ఫారంలో అబద్ధం రాశానని చెప్పాను. తెలుసంది. ఎప్పట్నుంచి అని అడిగితే, స్క్రీన్‌షాట్లు చూపించిన రోజు నుంచి అంది. ఆరోజు తను నర్సుకి ఫోన్ చేసి ఉండాల్సిందని, చెయ్యనందుకు తనకీ నిద్ర పట్టలేదని అంది. తర్వాత కొత్త ఫారం తీసి నా ముందు పెట్టింది. దానికి ప్రసాదరావు గారి ఉత్తరం జత చేశాను, తేలిక పని, ఒకేసారి ఇరవై నిమిషాలకి మించకూడదని. ఫోన్ బ్యాగులో పెట్టి జిప్ వేసి, ఒక్కో ప్రశ్నా చదివాను. గుండె జబ్బు ఉందా. అవును. లయ తప్పిందా. అవును. మందులు వాడుతున్నారా. అవును. అమెరికా వచ్చాక ఒక కాగితం మీద ఇన్ని అవునులు నేను రాయడం ఇదే.

నర్స్ రెండు రోజులు చూసి సరేనంది. డెనీస్ మళ్లీ నా తలమీద సంచి తగిలించి, తియ్యటి మందు చిమ్మింది. కుడికి తిరిగాను, ఎడమకి తిరిగాను, వంగాను, లేచాను. ఊపిరి లోపలికి వెళ్లి బయటికొస్తోంది, నేను వింటున్నాను.

తీపి తెలుస్తోందా, హనీ, అని అడిగింది.

వెంటనే చెప్పలేదు. నాలుక కదిపి, నిజంగా చూసుకున్నాను.

నో అన్నాను.